బొట్టు పెట్టి పిలిచిన యుద్ధం

మలేషియాలో, క్లాంగ్ రేవు ఊళ్ళో, ఒక సరుకుల రవాణా ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. ఏ ఓడ ఏ రోజు రేవుకి వస్తుందో, ఏ కంటైనర్ ఏ లారీ ఎక్కాలో, ఏ కాగితం ఎవరి బల్ల మీద నిద్రపోతోందో తడుముకోకుండా చెప్పేదాన్ని. ఒక్క మెసేజ్ కొడితే పదిమంది డ్రైవర్లు తాగుతున్న టీ వదిలేసి లేచేవారు. అలాంటిదాన్ని కాబట్టి, మా అమ్మాయి నా ఫోన్‌లో యుద్ధం ఆట ఒకటి ఎక్కించి, “అమ్మా, ఫ్యామిలీని నువ్వు మేనేజ్ చెయ్యి లాహ్” అని, ఇక్కడ అందరూ మాట చివర తగిలించే లాహ్‌తో సహా, అన్నప్పుడు నాకేమీ బెరుకు కలగలేదు. ముప్పై మంది చుట్టాల్ని నడపడం ఏపాటి పని అనుకున్నాను. డ్రైవర్లకి జీతం ఉంటుందనీ, చుట్టాలకి ఉండదనీ అప్పుడు గుర్తు రాలేదు.

ఆట సంగతి తెలియనివాళ్ళకి రెండు మాటల్లో చెబుతాను. ప్రతివాళ్ళకీ ఒక కోట ఉంటుంది. ధాన్యం పండించుకోవాలి, కట్టెలు కొట్టుకోవాలి, సైనికుల్ని తయారుచేసుకోవాలి. ఒంటరిగా ఉన్నవాణ్ణి ఎవరో ఒకరు వచ్చి దోచుకుపోతారు. అందుకని నలుగురూ చేరి కూటమి కడతారు. పెద్ద కోట మీదికి పోవాలంటే ఒకరు ర్యాలీ ప్రకటిస్తారు. అంటే, నేను బయల్దేరుతున్నాను, ఎనిమిది నిమిషాల్లో మీ మీ సైన్యాలు నా దగ్గరికి పంపండి, కలిసి పోదాం అని. ఆ కబురు అందరి ఫోన్లలో ఒకేసారి టింగుమని మోగుతుంది. అంతకంటే శుభ్రమైన ఏర్పాటు ఉంటుందా అని నేను మురిసిపోయాను.

మా అమ్మాయి సైబర్‌జయలో సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తుంది. తెలుగు మొత్తం అర్థమవుతుంది, మాట్లాడమంటే మాత్రం ఇంగ్లీషు వెనకాల దాక్కుంటుంది. చుట్టాలు తలా ఒక ఊళ్ళో ఉన్నారు, కలిసి కూర్చున్నదే లేదు, కనీసం ఆటలోనైనా ఒకచోట ఉందాం అని దాని ఆలోచన. మా ఇంటిపేరులోని మొదటి మూడక్షరాలు కూటమికి గుర్తుగా పెట్టింది. కుర్రవాళ్ళందరూ మొదటి వారం చేరి, రెండో వారానికి మాయమయ్యారు. మిగిలింది మేము. అంటే రిటైరైనవాళ్ళం, మోకాళ్ళ నొప్పులవాళ్ళం, కళ్ళజోడు ఎక్కడ పెట్టామో మరిచిపోయేవాళ్ళం. అందరికంటే పెద్ద మా చిన్నాన్న. డెబ్భై ఎనిమిదేళ్ళు. ఎస్టేటు ఆఫీసులో గుమాస్తాగా చేసిన మనిషి. ఇప్పటికీ ఫోన్ ముట్టుకునే ముందు చెయ్యి కడుక్కుంటాడు.

అందరికంటే బలమైన కోట మాత్రం మా అక్కది.

ఆమె గురించి కాస్త ఆగి చెప్పాలి. మేమిద్దరమే అక్కచెల్లెళ్ళం. నాకు తొమ్మిదేళ్ళప్పుడు అమ్మ పోయింది. అప్పుడు అక్కకి పదిహేడు. చదువు మానేసి వంట మొదలుపెట్టింది. నేను పై తరగతులకి వచ్చేదాకా నాకు జడలు వేసింది ఆమే. పెళ్ళయ్యాక బావతో కువాలా సెలంగోర్‌లో స్థిరపడింది. అక్కడ వాళ్ళకి కొంచెం పామాయిల్ తోట, ఇంటి వెనక కూరపాదులూ ఉన్నాయి. మా అమ్మాయి ఆమె ఫోన్‌లో కూడా ఆట పెట్టింది. అక్క ఆ కోటని అచ్చం తోటలాగే చూసుకుంటుంది. పొద్దున్నే లేచి ధాన్యం కోస్తుంది, మళ్ళీ నాటుతుంది, సైనికుల్ని పెంచుతుంది, ఎవరి జోలికీ పోదు. ఆమె సైన్యం మా అందరి సైన్యాలూ కలిపినా తూగనంత పెద్దది. ఒక్కసారి కూడా బయటికి తీయని వెండి కంచాల్లాగా లోపల మెరుస్తూ ఉండేది.

ఆ అక్క నాతో మాట్లాడి మూడేళ్ళయింది. నా గడప తొక్కి కూడా అంతే.

కారణం మా అమ్మాయి పెళ్ళి పిలుపు. మా ఇళ్ళలో పెళ్ళంటే పెళ్ళికూతురి తల్లి కుంకుమ భరిణె పట్టుకుని ఇల్లిల్లూ తిరగాలి. ఇంటి ఆడవాళ్ళకి బొట్టు పెట్టి, “తప్పకుండా రావాలి” అని నోటితో చెప్పాలి. ప్రతి ఇంట్లోనూ కాఫీ, జంతికలు, వాళ్ళ మనవల ఫోటోలు, ఎవరి షుగర్ ఎంత ఉందో ఆ లెక్క. నాలుగు ఆదివారాలు హారతి కర్పూరం అయిపోతాయి. నేను ఆఫీసు మనిషిని కదా! సన్నాయి పాట, కదిలే పువ్వులూ పెట్టి ఒక వీడియో కార్డు చేయించి, ఒక ఆదివారం పొద్దున వాట్సాప్‌లో అందరికీ ఒక్క దెబ్బలో పంపేశాను. పది నిమిషాల్లో అందరికీ చేరినట్టు గుర్తులు పడ్డాయి. నాలుగు ఆదివారాల పని పది నిమిషాల్లో చేశానని మా ఆయన దగ్గర గొప్పలు కూడా పోయాను. ఆయన ఏమీ అనలేదు. ఆయన ఏమీ అననప్పుడల్లా నేను తప్పు చేసి ఉంటాను, కానీ ముప్పై ఏళ్ళ కాపురంలో ఆ సంగతి ఎప్పుడూ ఆలస్యంగానే తెలుస్తుంది.

పెళ్ళికి అందరూ వచ్చారు. ఒకరిద్దరు మూతి ముడుచుకుని వచ్చినా, భోజనం మాత్రం బాగానే చేశారు. అక్క రాలేదు. కార్డుకి జవాబుగా ఒక బొటనవేలి బొమ్మ పంపింది. అంతే. పెళ్ళికూతురి పక్కన పెద్దమ్మ నిలబడాల్సిన చోట పూలకుండీ పెట్టించాను. అక్కది పాతకాలం పట్టింపు అనీ, ఆమెకి అహం అనీ అడిగినవాళ్ళందరికీ చెప్పాను, అడగనివాళ్ళకి కూడా చెప్పాను. ముందు ఆమే ఫోన్ చెయ్యాలని పట్టుబట్టి కూర్చున్నాను. నిజం ఇప్పుడు చెబుతున్నాను. నాకు అక్క కావాలి. ఆ మూడేళ్ళూ ప్రతి పండక్కీ వంటింట్లో నిలబడి, ఉప్పు సరిపోయిందో లేదో అడగడానికి ఆమె నంబరు తీసి, మళ్ళీ ఫోన్ పక్కన పెట్టేసేదాన్ని.

సరే, యుద్ధానికి వస్తాను. మా ఇరుగుపొరుగున, అంటే ఆటలో, మూడు కత్తుల బొమ్మ పెట్టుకున్న కూటమి ఒకటి ఉండేది. ఎవరో, ఏ దేశంవాళ్ళో తెలియదు. మర్యాద మాత్రం తెలియదని తెలుసు. ఒక శనివారం వాళ్ళ కోట ఒకటి బలహీనంగా కనిపిస్తే నేను ర్యాలీ ప్రకటించాను. ముప్పై ఫోన్లు టింగుమన్నాయి. ఎనిమిది నిమిషాలు చూశాను. ఒక్కరూ రాలేదు. నేనూ మా అమ్మాయీ ఇద్దరమే వెళ్ళి చావుదెబ్బ తిని వచ్చాం.

ఆ సాయంత్రం ఒక్కొక్కరికీ ఫోన్ చేసి నిలదీశాను. బటన్ నొక్కడం రాలేదేమో అనుకున్నాను. కానీ అందరికీ వచ్చు. మా వదిన, అంటే పెదనాన్న కోడలు, సూటిగా అనేసింది.

“నాకు ఎవులూ సెప్పలేదు గదా.”

“ఫోన్ మోగలేదా?”

“మోగినాది లాహ్. ఫోన్ సెప్పినాది. నువ్వు సెప్పలేదు.”

చిన్నాన్న ఇంకా నొచ్చుకున్నాడు. “ఏటమ్మా, అందరికీ ఒకటే మోతా? నాకూ, మొన్న సేరినోళ్ళకీ ఒకటేనా? పిలవని పేరంటానికి నానెందుకు వస్తాను?” అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎనిమిది నిమిషాల్లో దండు కదలాల్సి ఉంటే వీళ్ళకి మర్యాదలు కావాలట! ఈ మనుషులతో కాదని, ఇంటర్నెట్‌లో వెతికి, ‘కూటమితో గెలవడానికి పది సూత్రాలు’ అని ఒక పేజీ పట్టుకున్నాను. దాన్ని ఆఫీసు సర్క్యులర్‌లాగా చదివాను. రోజూ ఆడాలి. స్పష్టంగా సందేశాలు పంపాలి. ఒకరికొకరు సాయం చేసుకోవాలి. పనిచేయని సభ్యుల్ని మొహమాటపడకుండా తీసెయ్యాలి. ఈ ఆఖరిది నా మనసుకి బాగా నచ్చింది. ఇంకో రెండు వారాలు చూసి, ఎవరు కదల్లేదో జాబితా తీశాను. అందులో మొదటి పేరు నొక్కి, ‘తొలగించు’ అన్నాను. టిఫిన్ చేయబోతూ చేసిన పని అది, రెండు సెకన్లు పట్టింది.

ఆ మొదటి పేరు చిన్నాన్నది.

మధ్యాహ్నానికి ఊరంతా పాకింది. చిన్నాన్నని నేను ఇంట్లోంచి గెంటేశానని మా వాళ్ళ మధ్య కబురు. ఆటలోంచి అని ఎవరూ అనడం లేదు, ఇంట్లోంచి అనే అంటున్నారు. పిన్ని ఫోన్ చేసి, “మీ సిన్నాన్న అన్నం ముట్టుకోలేదు. మా అన్న కూతురు నన్ను కాదనేసినాది అని గోడకేసి తిరిగి పడుకున్నాడు” అంది. ఆయనకి కంటి ఆపరేషన్ అయిందనీ, డాక్టరు రెండు వారాలు ఫోన్ చూడొద్దన్నాడనీ అప్పుడు తెలిసింది. కంటి కట్టుతో ఉన్న మనిషిని పనిచేయనివాడని తీసేశాను. ఆ సమయంలో నా తెలివికి నేనే దండం పెట్టుకోవాలనిపించింది.

మా ఆయన కారు తీశాడు. లిటిల్ ఇండియా బజారులో ఆగి పళ్ళెం నిండా ఆపిల్ పళ్ళు, కమలాపళ్ళు, తమలపాకులు కొన్నాం. చిన్నాన్న ఇంటికి వెళ్ళి, పళ్ళెం ఆయన చేతికిచ్చి, కాళ్ళకి దండం పెట్టి, “మా కూటమిలోకి మళ్ళీ రావాలి చిన్నాన్నా” అన్నాను. ఈ వాక్యం నా నోటితో చెప్పవలసి వస్తుందని ఏనాడూ అనుకోలేదు. ఆయన పళ్ళెం వైపు చూశాడు, నా వైపు చూశాడు. కమలాపండు ఒకటి వొలిచి నాకే సగం పెట్టాడు. “ఇలా పిలిస్తే రానంటానా అమ్మా! ఎవుడి మీదికి పోవాలో సెప్పు” అన్నాడు.

మర్నాటి నుంచి ఆయన కంటిమీద నల్లద్దాలు పెట్టుకుని, పిన్నిచేత బటన్లు నొక్కిస్తూ యుద్ధాలు చేశాడు. నాకంటే ముందు సాయం పంపేవాడు. ర్యాలీ వేస్తే మొదటి సైన్యం ఆయనదే. అప్పుడు నాకు బుర్రలో వెలిగింది. ఇంటర్నెట్ పేజీలో లేని పదకొండో సూత్రం ఒకటుంది. మా వాళ్ళకి పిలుపు కావాలి. నోటితో, ఎదురుగా నిలబడి, వరస ప్రకారం కావాలి.

ఇంతలో పెద్ద యుద్ధం తేదీ ప్రకటించారు. నడిమధ్య కోట ఒకటుంటుంది. శనివారం పొద్దున తొమ్మిదికి తలుపులు తెరుస్తారు, పన్నెండింటికి దానిలో ఎవరుంటే వాళ్ళదే గెలుపు. ఓడిపోతే కూటమి రద్దు చేసేద్దామని మా అమ్మాయి అంది. మూడు కత్తులవాళ్ళు మా కోటల్ని వారానికోసారి తగలబెడుతున్నారు, అందరూ విసిగిపోయారు. రద్దయితే ఏమిటట అని మీరనుకోవచ్చు. నాకూ అక్కకీ మధ్య మిగిలిన ఒకే ఒక్క చోటు ఆ కూటమి. ఆమె కోట పక్కన నా కోట ఉండేది. పొద్దున్నే ఆమె ధాన్యం కోస్తున్నట్టు తెరమీద కనిపించేది. ఆమె లేచిందనీ, ఒంట్లో బాగానే ఉందనీ నాకు అలాగే తెలిసేది. అది పోతే నాకు అక్క కబురు తెలిసే దారే లేదు.

కుంకుమ భరిణె బయటికి తీశాను. నా కూతురి పెళ్ళికి తీయని భరిణె.

నాలుగు రోజుల్లో పదిహేడు ఇళ్ళు తిరిగాం. వయసు ప్రకారం, పెద్దవాళ్ళతో మొదలుపెట్టి. మా ఆయన ప్రతి గుమ్మం దగ్గరా కారు ఆపి, “దండయాత్రకి వెళ్ళిరా” అని పంపేవాడు. ఆడవాళ్ళకి బొట్టు పెట్టి, “శనివారం మా యుద్ధానికి తప్పకుండా రావాలి, ఇంటిల్లిపాదీ రావాలి” అనేదాన్ని. ఒక్కరు కూడా నవ్వలేదు. వదిన బొట్టు పెట్టించుకుని, అద్దంలో చూసుకుని, “ఏటి సీర కట్టుకోవాలి?” అని అడిగింది. అలవాటు కొద్దీ అడిగిందో, నన్ను ఆటపట్టించడానికి అడిగిందో ఇప్పటికీ తెలియదు. ఇంటింటికీ కాఫీ, జంతికలు. యుద్ధానికి ముందే నా షుగర్ పెరిగిపోయింది.

చిన్నాన్న క్యాలెండర్ చూసి కొత్త మెలిక పెట్టాడు. శనివారం తొమ్మిది నుంచి పదిన్నర దాకా రాహుకాలం. “ఆ యేళ కాలు బైటెట్టకూడదు. పదిన్నర దాటినాకే ర్యాలీ” అన్నాడు. తలుపులు తెరిచిన గంటన్నర దాకా కదలకుండా కూర్చునే సైన్యం ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలియదు. కానీ ఆయన్ని ఇంకొకసారి నొప్పించే ధైర్యం నాకు లేదు.

వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ ఒకటే ప్రశ్న. “మీ అక్కని పిలిచినావా?” వరసలో అక్క రెండో పేరు. ఆ పేరు దాటి మూడోదానికి పోయాను, నాలుగోదానికి పోయాను, పదిహేడూ పూర్తిచేశాను. మా అమ్మాయి శుక్రవారం పొద్దున ఫోన్ చేసింది. “అమ్మా, పెద్దమ్మ ఆర్మీ లేకపోతే సెంటర్ కొట్టలేం. నో వే. నువ్వే వెళ్ళాలి” అంది. ఆ ఆఖరి ముక్క పూర్తిగా తెలుగులోనే అంది. దాని నోట ఇంగ్లీషు కలవని తెలుగు వచ్చిందంటే సంగతి తీవ్రమైనదన్నమాట.

కువాలా సెలంగోర్‌కి గంట ప్రయాణం. దారి పొడుగునా అక్కతో ఏం మాట్లాడాలో మనసులో రాసుకున్నాను, కొట్టేశాను. మేము వెళ్ళేసరికి అక్క అరుగుమీద కూర్చుని మునగాకు దూస్తోంది. నన్ను చూసి లేవలేదు. తర్వాత నా చేతిలో భరిణె చూసింది. గభాలున లేచి, చేతులు చీరకి తుడుచుకుంది. మూడేళ్ళలో ఎప్పుడూ చూడని సంతోషం ఆమె మొహంలోకి వచ్చింది.

“పిల్లకి సీమంతమా?” అంది.

ఆ క్షణం భూమి చీలితే బాగుండుననిపించింది. “కాదక్కా,” అన్నాను. భరిణె మూత నొక్కి పట్టుకున్నాను. “రేపు ఆటలో యుద్ధం ఉంది. దానికి పిలవడానికి వచ్చాను.”

బావ పకపకా నవ్వబోయి, అక్క మొహం చూసి మానేశాడు. అక్క మళ్ళీ కూర్చుంది. కొంతసేపు మునగాకే దూసింది.

“ఆటకా?”

“ఆటకే.”

“ఆటకి బొట్టెట్టి పిలుస్తున్నావు.” ఆమె గొంతు పెంచలేదు. పెంచితే నేనూ పెంచేదాన్ని, నాకు సులువుగా ఉండేది. “నీ కూతురి పెళ్ళికి ముందు నాలుగు ఆదివారాలు నాను గడప దాటలేదు. మీ బావని తోటకి కూడా పోనివ్వలేదు. ఇయాల వస్తాది, ఇయాల వస్తాది అని. జంతికలు సేసి డబ్బాలో పెట్టినాను. మెత్తబడిపోతే మళ్ళీ సేసినాను. నాలుగో ఆదివారం ఫోన్ మోగినాది. పాట వచ్చినాది, పువ్వులు వచ్చినాయి. అందరికీ పంపినదే నాకూ పంపినావు. నాను నీకు అందర్లో ఒకదాన్నేటే?”

నేను పది నిమిషాల్లో ముగించానని గొప్పలు చెప్పుకున్న పని కోసం ఆమె నాలుగు ఆదివారాలు గుమ్మంలో కూర్చుంది. అక్కకి అహం అని ఊరంతా చెప్పిన నాకు సిగ్గేసింది. “తప్పు నాదే అక్కా. తప్పయిపోయింది” అన్నాను. ఏడ్చాను కూడా, దాచడం ఎందుకు.

ఆమె మునగాకు పక్కకి జరిపింది. నుదురు ముందుకి పెట్టింది. “ఎట్టు. బొట్టు వద్దనకూడదు.”

బొట్టు వంకరగా పెట్టాను. ఆమె సరిచేసుకోలేదు. “ఎన్ని గంటలకి?” అంది. పదిన్నర తర్వాత అన్నాను. “రాహుకాలం అయిపోయినాకే గదా, మంచిది” అంది. కాఫీ ఇవ్వలేదు. ఆ ఇంట్లో కాఫీ తాగకుండా బయటికి రావడం నాకు అదే మొదటిసారి.

శనివారం పొద్దున తొమ్మిదికి కోట తలుపులు తెరిచారు. మేము క్యాలెండర్ ముందు కూర్చున్నాం. మూడు కత్తులవాళ్ళు నడిమి కోటలోకి దూరి, మిగతా కూటములన్నిటితోనూ కొట్టుకున్నారు. పది ముప్పై ఒకటికి నేను ర్యాలీ ప్రకటించాను. ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. సైన్యాలు వరసగా వచ్చాయి. వచ్చినవాళ్ళు వచ్చినట్టు ఫోన్ చేశారు. “వచ్చినాను లాహ్, సూసినావా?” అని ఒకరు, “మా ఆయన సైన్యం కూడా నాతోనే వస్తాంది” అని ఒకరు. పెళ్ళివారింట్లో గుమ్మం దగ్గర నిలబడి పన్నీరు చల్లుతున్నట్టే ఉంది నా పని. బటన్లు నొక్కే పిన్నికి కళ్ళజోడు దొరకక చిన్నాన్న ఒక్కడే వెనకబడ్డాడు.

అక్క సైన్యం మాత్రం ర్యాలీలో లేదు. ఆరు నిమిషాలయింది, ఏడయింది. అప్పుడు తెరమీద ఒక వరస కదిలింది. అక్క పంపిన సైన్యం, ఆమెకున్న ప్రతి ఒక్క సైనికుడూ, నా కోటలోకి వచ్చి దిగింది. దాడికి కాదు, నా ఇంట్లో ఉండడానికి. మా అమ్మాయి స్పీకర్‌లో గావుకేక పెట్టింది. “అక్కడ కాదు! సెంటర్! పెద్దమ్మా, సెంటర్!”

మూడేళ్ళుగా తీసి పక్కన పెడుతున్న నంబరు నొక్కాను.

“అక్కా, నా దగ్గరికి కాదు, నడిమి కోటకి వెళ్ళే గుంపులోకి పంపాలి.”

“పిలిచింది నువ్వు గదేటి,” అంది అక్క, ఏమీ ఎరగనట్టు. “నువ్వు పిలిస్తే నీ ఇంటికి వస్తాను. ముక్కూ మొగమూ తెలీనోళ్ళ కోటకి నానెందుకు పోతాను?”

చెప్పేలోగా ఎనిమిది నిమిషాలూ అయిపోయాయి. ర్యాలీ తనంతట తనే బయల్దేరి, అక్క లేకుండా నడిమి కోట గోడకి తగిలి పిండి అయిపోయింది. నా సైన్యం మొత్తం పోయింది. దాడికి పోయినవాళ్ళ కోట మీద కవచం ఉండదు కాబట్టి నా ఇల్లు బార్లా తెరిచి ఉంది. మూడు కత్తులవాళ్ళు అది చూసి, ఓడిపోయిన ముసలమ్మ ఇంట్లో ఎవరుంటారులే అనుకుని, లోపల ఎవరున్నారో ఆరా తీయకుండానే, ఉన్న సైన్యాలన్నీ కట్టగట్టుకుని నా మీదికి వచ్చారు.

ఇంట్లో అక్క ఉంది.

రెండు నిమిషాలు పట్టింది. వాళ్ళ సైన్యంలో ఒక్కడు వెనక్కి పోలేదు. నడిమి కోట ఖాళీ, పొద్దున్నుంచీ కొట్టుకున్న మిగతా కూటములకి మళ్ళీ లేచే సత్తువ లేదు. మా అమ్మాయి అరిచి గోల పెడితే, పిన్ని కళ్ళజోడు అప్పుడే దొరికిన చిన్నాన్న తన సైన్యంతో నడుచుకుంటూ వెళ్ళి అందులో కూర్చున్నాడు. “ఇక్కడ ఊరికే కూర్చోవడమేనా పని?” అని రెండుసార్లు అడిగాడు. పన్నెండింటికి ఆ కోట మీద మా ఇంటిపేరు మూడక్షరాలూ పడ్డాయి.

ఆ ఆటలో ఉన్న లోకమంతా మమ్మల్ని పొగిడింది. దాన్ని ఎర వ్యూహం అన్నారు. సైన్యాన్ని కావాలని చావనిచ్చి, శత్రువుని ఇంటికి రప్పించి దెబ్బ కొట్టిన గొప్ప ఎత్తుగడ అని ఎవరో పెద్ద వ్యాసం కూడా రాశారు. గంటన్నర ఆగడం శత్రువుని అలసిపోనివ్వడానికట. చిన్నాన్న దాన్ని పిన్నిచేత చదివించుకుని, “రాహుకాలం సంగతి రాయలేదేటి?” అని కోప్పడ్డాడు.

సాయంత్రం మా అమ్మాయి ఫోన్ చేసింది. “అమ్మా, పెద్దమ్మ ట్రూప్స్‌ని వెనక్కి పంపెయ్. ఎవరి కోటలో ఉంటే వాళ్ళ ధాన్యం తింటారు. నీ స్టాక్ అంతా అయిపోతోంది, సీ లాహ్.” చూశాను. నిజమే, నా గాదెలు గంట గంటకీ తరిగిపోతున్నాయి. వెనక్కి పంపే బటన్ ఎక్కడుందో నాకు తెలుసు.

“తిననీ,” అన్నాను.

“జీరో అయిపోతుంది అమ్మా!”

“అవనీ. మీ పెద్దమ్మ మనింట్లో భోంచేసి మూడేళ్ళయింది.”

మర్నాడు ఆదివారం పొద్దున ఎనిమిదికి ఫోన్ మోగింది. అక్క. పలకరింపు లేదు, ఉపోద్ఘాతం లేదు.

“మావోళ్ళు తిన్నారా?”

“తిన్నారక్కా. గాదె ఖాళీ చేశారు.” నవ్వుదామని నోరు తెరిచి, అడిగేశాను. “నువ్వెప్పుడొస్తావు?”

అటువైపు బావ ఏదో అంటున్నాడు, ఆమె ఊరుకోమంటోంది.

“ఫోన్లో పిలుస్తున్నావేటి?” అని అక్క ఫోన్ పెట్టేసింది.

మా ఆయన అప్పటికే కారు తాళాలు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చీర మార్చుకుంటానంటే ఆగలేదు, పద పద అన్నాడు. దారిలో ఎక్కడా ఆగలేదు. మేము కువాలా సెలంగోర్ చేరేసరికి అక్క వంటింట్లో ఉంది. ఆ ఇంట్లో ఉండేది ఇద్దరే. పొయ్యి మీద నలుగురికి సరిపడా అన్నం ఉడుకుతోంది.